మొదటి ఎంటీబీకి పార్టులు మార్చాలా, కొత్తది కొనాలా? మన సీమ దారుల్లో తొక్కేవాళ్లకు పూర్తి వివరం

పది, పదిహేను వేలు పెట్టి కొన్న గేర్ సైకిల్, అదే ఎంటీబీ (మౌంటెన్ బైక్). వెనక ఏడు గేర్లు, ముందు మూడు చైన్‌వీళ్లు, ముందు చక్రాన్ని పట్టుకునే బరువైన స్ప్రింగు ఫోర్కు. ఏడాదో రెండేళ్లో తొక్కాక గేర్లు సరిగా పడవు, బ్రేకు కీచుమంటుంది, పక్కన కొత్త సైకిల్ మీద ఒకడు సులువుగా దాటిపోతాడు. దీని మీదే ఖర్చు పెట్టాలా, దీన్ని వదిలేసి వేరేది కొనాలా అని అనంతపురం నుంచీ కడప నుంచీ కర్నూలు నుంచీ అడుగుతూనే ఉన్నారు, అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నా.

మొత్తం విషయం ఫ్రేమ్ దగ్గరే ఉంది. సైకిల్‌లో ఏ పార్టయినా మార్చొచ్చు, ఫ్రేమ్‌ను తప్ప. ఫ్రేమ్ సైజు మీకు సరిపోయి, పగుళ్లు లేకుండా, కొత్త పార్టులు పట్టే కొలతల్లో ఉంటే డబ్బు పెట్టొచ్చు. వీటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా, ఎంత మంచి పార్టు కొన్నా తప్పు చోట పెట్టినట్టే. కాబట్టి కొనడం గురించి ఆలోచించే ముందు కింది వరుసలో చూసుకుంటూ రండి.

1. ముందు ఓవరాలింగ్, తర్వాతే నిర్ణయం

చాలామంది సైకిల్ పాతబడింది అనుకునేది నిజానికి మురికి పట్టడం. అనంతపురం ఎర్రదుమ్ము చైన్ మీది నూనెలో కలిసి ముద్దయితే సానరాయిలా పళ్లను అరగదీస్తుంది. గేరు పడకపోవడానికి సగం సార్లు కారణం బిగిసిపోయిన కేబులే. అంత చిన్నదానికి కొత్త సైకిల్ అక్కర్లేదు.

చేయించాల్సినవి:

- ముందు, వెనక హబ్బులు (చక్రం నడిమి భాగాలు) విప్పి, బాల్స్ కడిగి, కొత్త గ్రీజు పెట్టించడం. బాల్స్ మీద గుంటలు ఉంటే మార్చేయండి, పెద్ద ఖర్చు కాదు.
- గేరు కేబుళ్లూ బ్రేకు కేబుళ్లూ లోపలి తీగ, బయటి తొడుగు రెండూ కొత్తవి వేయించడం. తీగ ఒక్కటే మార్చితే పాత తొడుగులోని దుమ్ము దాన్ని మళ్లీ పట్టేస్తుంది.
- రెండు చక్రాల బెండు తీయించి, స్పోకులు సమానంగా బిగించడం.
- బ్రేకు ప్యాడ్లు మార్చడం.
- వెనక గేరు తగిలించిన హ్యాంగర్ నిటారుగా ఉందో లేదో చూడటం. సైకిల్ ఎప్పుడైనా కుడివైపు పడి ఉంటే అది వంగి ఉండొచ్చు. అది వంగితే ఎన్నిసార్లు స్క్రూ తిప్పినా గేర్లు కుదరవు.

చైన్ సంగతి ఇంట్లోనే తేల్చుకోవచ్చు. అంగుళాల స్కేలు తీసుకుని, ఒక పిన్ను మధ్య సున్నా పెట్టండి. సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఇంకో పిన్ను మధ్యభాగం రావాలి. అది ఒక అంగుళంలో పదహారో వంతు దాటి ఉంటే చైన్ మార్చే టైమ్ వచ్చింది. ఎనిమిదో వంతు దాకా జరిగిపోయి ఉంటే చైన్‌తో పాటు వెనక పళ్లచక్రాలు కూడా అరిగాయి, రెండూ కలిపి మార్చాలి. కొత్త చైన్‌ను అరిగిన పళ్ల మీద వేస్తే గట్టిగా తొక్కినప్పుడల్లా జారుతుంది.

చైన్‌కి బండి ఇంజన్ ఆయిలు పోయొద్దు, అందులోనూ వాడేసిన ఆయిలు అసలే వద్దు. మన దుమ్ముకి డ్రై లూబ్ లేదా మైనంతో చేసిన లూబ్ వాడండి, పది నిమిషాలాగి పైపైన ఉన్నదంతా గుడ్డతో తుడిచేయండి. లూబ్ పని చైన్ లోపల, బయట కాదు.

ఇదంతా అయ్యాక రెండు వారాలు తొక్కండి. అప్పటికీ సైకిల్ నచ్చకపోతే ఎందుకు నచ్చట్లేదో మీకే స్పష్టంగా తెలుస్తుంది.

2. మీరు నిజంగా ఎక్కడ తొక్కుతున్నారు

కాగితం మీద రాయండి. తారురోడ్డు ఎంత, బండ్లబాట ఎంత, రాళ్లదారి ఎంత. తొక్కాలనుకుంటున్న దారులు రాయొద్దు, పోయిన నెల తొక్కినవి రాయండి.

మన దగ్గర ఎంటీబీ కొన్నవాళ్లలో ఎక్కువమంది తిరిగేది తారురోడ్డు మీద, చెరువు కట్టల మీద, పొలాల మధ్య బండ్లబాటల మీద. జమ్మలమడుగు నుంచి గండికోట దాకా వెళ్లేది తారురోడ్డే. ఈ దారులకు మంచి టైర్లు, నమ్మకమైన బ్రేకులు, సరిగా పడే గేర్లు చాలు, ఖరీదైన ఫోర్కు అక్కర్లేదు. పాలకొండల అంచున గుండ్ల మధ్య వేగంగా దిగేవాళ్ల సంగతి వేరు, వాళ్ల అవసరానికి తక్కువ ధర ఫ్రేమ్ ఎప్పటికీ సరిపోదు.

కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడిలో తొక్కేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. వాన పడ్డాక ఆ మట్టి టైరుకీ ఫ్రేముకీ మధ్య పేరుకుని చక్రాన్ని ఆపేస్తుంది, అప్పుడు బలంగా తొక్కితే వెనక గేరు విరుగుతుంది. టైరుకీ ఫ్రేముకీ మధ్య వేలు దూరేంత ఖాళీ కూడా లేకపోతే అది ఫ్రేమ్ లోపం, ఏ పార్టూ దాన్ని సరిచేయదు. వానకాలం అదే మట్టిలో రోజూ తిరగాల్సివస్తే సైకిల్ మార్చడం వైపు ఒక ఓటు వేసుకోండి.

3. ఫ్రేమ్ మీ ఒంటికి సరిపోతుందా

షాపులో ఉన్న సైజు చేతికిచ్చి పంపడం మన ఊళ్లలో మామూలే. అందుకే ఇది తప్పక చూడాలి.

- సైకిల్ మీద రెండు కాళ్లూ నేలకు ఆనించి నిలబడితే పై గొట్టానికీ మీకూ మధ్య రెండు అంగుళాలైనా ఖాళీ ఉండాలి.
- పెడలు అడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగేలా సీటు ఎత్తండి. ఆ ఎత్తులో సీటుపోస్టు మీది కనీస హద్దు గీత బయటకు కనబడుతుంటే ఫ్రేమ్ మీకు చిన్నది.
- అరగంట తొక్కాక మెడ, నడుము, అరచేతులు నొప్పిగా ఉంటే సీటును ముందుకో వెనక్కో జరిపి చూడండి, తర్వాత పొట్టి స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్కుకి కలిపే ముక్క) వేసి చూడండి.

సీటు, స్టెమ్ మార్చడంతో కుదిరిపోతే మంచిదే. పొడవాటి సీటుపోస్టు కూడా కొంతవరకు పనిచేస్తుంది. అన్నీ చేసినా ముడుచుకుని కూర్చున్నట్టో సాగిపోయినట్టో ఉంటే ఇక్కడితో ఆపేయండి, మిగతావి చూడక్కర్లేదు. సైజు సరిపోని సైకిల్ మీద ఒక్క రూపాయి కూడా పెట్టొద్దని నా మాట.

4. పగుళ్లు వెతకడం

సైకిల్‌ని బాగా కడిగి, ఆరాక, పగటి వెలుతురులో చూడండి. చూడాల్సిన చోట్లు:

- హ్యాండిల్ కింది గొట్టం, దానికి ఫ్రేమ్ కింది గొట్టం అతికిన చోటు
- పెడళ్ల ఇరుసు ఉండే గొట్టం చుట్టూ
- సీటుపోస్టు దిగే చోట క్లాంపు కింద
- వెనక చక్రం ఇరుసు కూర్చునే రెండు చోట్లూ

పెయింటు మీద వెంట్రుకలాంటి గీత కనబడితే గోరుతో గీకండి. గోరు అందులో తగులుకుంటే, లేదా రెండు వారాల్లో గీత పొడవు పెరిగితే అది పగులే.

అల్యూమినియం ఫ్రేమ్ పగిలితే వెల్డింగ్ షాపులో అతికించుకుని తొక్కొద్దు. ఈ ఫ్రేములకు ఎక్కువగా వాడే 6061 రకం అల్యూమినియానికి వెల్డింగ్ తర్వాత హీట్ ట్రీట్‌మెంట్ చేస్తేనే బలం తిరిగి వస్తుంది, అది రోడ్డు పక్క షాపులో అయ్యే పని కాదు. స్టీలు ఫ్రేమ్ అయితే పనితనం ఉన్నవాడి చేత అతికించుకుని ఊళ్లో నెమ్మదిగా తిరగొచ్చు, రాళ్లదారి మాత్రం వద్దు.

5. వెనక హబ్బు: ఎక్కువ నిర్ణయాలు ఇక్కడే తేలతాయి

తక్కువ ధర ఎంటీబీల్లో వెనక గేర్లు రెండు రకాలుగా ఉంటాయి. ఒకటి హబ్బు మీద స్క్రూలా తిప్పి బిగించే ఫ్రీవీల్. రెండోది హబ్బులోనే వెనక్కి వదులుగా తిరిగే భాగం (ఫ్రీ బాడీ) ఉండి దాని మీద తొడిగే క్యాసెట్. బయటికి ఒకేలా కనబడతాయి, లోపల చాలా తేడా.

గుర్తుపట్టడం తేలికే. చక్రం తీసి, పళ్లచక్రాలను వెనక్కి తిప్పండి. మధ్యలో టూలు దూరే గాట్లు పళ్లతో పాటే తిరిగితే క్యాసెట్. పళ్లు తిరుగుతూ గాట్లు కదలకుండా ఉంటే ఫ్రీవీల్. అన్నిటికన్నా చిన్న చక్రానికి 14 పళ్లుంటే సాధారణంగా ఫ్రీవీలే, 11 ఉంటే క్యాసెట్.

ఫ్రీవీల్ హబ్బులో కుడివైపు బేరింగ్ లోపలికి ఉంటుంది. దానివల్ల ఆ పక్క ఇరుసు చాలా దూరం ఆధారం లేకుండా ఉండి, బరువున్న మనిషి గుంతల్లో దూకిస్తే వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. చక్రం తీసి ఇరుసును వేళ్లతో తిప్పి చూడండి, కొస గుండ్రంగా ఊగితే వంగినట్టు. ఇరుసు ఒక్కటే మార్చుకోవచ్చు, చౌకే, కానీ అదే దారిలో అలాగే తొక్కితే మళ్లీ వంగుతుంది. క్యాసెట్ హబ్బుల్లో, ముఖ్యంగా షిమానో తరహా వాటిలో, బేరింగ్ బయటి అంచుకు ఉంటుంది కాబట్టి ఈ బాధ తక్కువ.

మీది 8, 9 గేర్లు పట్టే క్యాసెట్ హబ్బు అయితే అప్‌గ్రేడ్‌కి దారి తెరిచే ఉంది. మైక్రోషిఫ్ట్ అడ్వెంట్ లాంటి తొమ్మిది గేర్ల సెట్టు, షిమానో డియోర్‌లో 11-51 పళ్ల పదకొండు గేర్ల క్యాసెట్ కూడా ఆ పాత హెచ్‌జీ (షిమానో తరహా గాట్లున్న) బాడీ మీదే కూర్చుంటాయి. ఏడు గేర్లకే చేసిన పొట్టి బాడీ మీద మాత్రం పట్టవు.

ఫ్రీవీల్ అయితే గేర్లు పెంచాలన్న ఆలోచన వెంటే కొత్త వెనక చక్రం, క్యాసెట్, షిఫ్టర్ (హ్యాండిల్ మీద గేరు మార్చే మీట), డెరైలర్ (చైన్‌ను పళ్ల మీద జరిపే వెనక గేరు), చైన్ అన్నీ వరుసగా వస్తాయి. ఇంత ఖర్చు వద్దు, ఇరుసు వంగే బాధ ఒక్కటీ పోతే చాలు అనుకునేవాళ్లకు మధ్యదారి ఉంది. 8, 9 గేర్లు పట్టే హబ్బున్న చక్రం కొని, దాని మీద 4.5 మిల్లీమీటర్ల స్పేసర్ పెట్టి ఏడు గేర్ల క్యాసెట్ వేసుకోండి. పాత షిఫ్టరూ డెరైలరూ అలాగే పనిచేస్తాయి. కొనేముందు వెనక ఫ్రేమ్ వెడల్పు కొలుచుకోండి, ఈ సైకిళ్లలో ఎక్కువగా 135 మిల్లీమీటర్లు ఉంటుంది.

6. ఫోర్కు, బ్రేకులు: పట్టేవి ఏవి, పట్టనివి ఏవి

ఫోర్కు. హ్యాండిల్ కింది గొట్టం పైనా కిందా ఒకే లావు సన్నగా ఉంటే అది 28.6 మిల్లీమీటర్ల లావు నిటారు కాడ (ఆ గొట్టంలోకి దూరే భాగం) ఉన్న ఫోర్కుకే పడుతుంది. కింద లావుగా ఉబ్బి ఉంటే టేపర్డ్. స్ప్రింగుకి బదులు గాలితో పనిచేసే మంచి ఫోర్కులు ఇప్పుడు ఎక్కువగా టేపర్డే, పైగా చాలావాటికి లావు ఇరుసు హబ్బు, అంటే కొత్త ముందు చక్రం కూడా కావాలి. మీది 26 అంగుళాల చక్రమైతే ఎంచుకోవడానికి ఇంకా తక్కువ ఉంటాయి.

80 లేదా 100 మిల్లీమీటర్లు కిందికి కుంగే ఫోర్కు కోసం చేసిన ఫ్రేముకి 130 కుంగేది పెట్టొద్దు. ముందు భాగం లేచిపోతుంది, తిప్పడం బరువవుతుంది, హ్యాండిల్ గొట్టం దగ్గర ఒత్తిడి పెరిగి పగుళ్లు వచ్చేది కూడా అక్కడే.

నన్నడిగితే తక్కువ ధర ఫ్రేముకి ఖరీదైన ఫోర్కు కొనడమంత నష్టం ఇంకోటి లేదు. ఉన్న స్ప్రింగు ఫోర్కు కాళ్లు విప్పించి, పాత జిడ్డు తుడిచి, బుషింగుల్లో గ్రీజు పెట్టించండి, చాలావరకు మెత్తబడుతుంది.

బ్రేకులు. గువ్వలచెరువు ఘాట్ లాంటి దారి దిగేవాళ్లకు బ్రేకు మీద పెట్టే డబ్బు ఎప్పుడూ సరైనదే. కానీ ముందు ఇవి చూడండి:

- ఫ్రేముకీ ఫోర్కుకీ డిస్కు బిగించే చెవులు ఉన్నాయా? లేకపోతే డిస్కు ఆలోచన వదిలేసి, మంచి వీ-బ్రేకు (రిమ్మును నొక్కే బ్రేకు) ప్యాడ్లు వేయించండి.
- హబ్బుకి డిస్కు బిగించే ఆరు బోల్టుల రంధ్రాలు ఉన్నాయా?
- బ్రేకు లీవరూ గేరు షిఫ్టరూ ఒకే ముక్కగా ఉన్నాయా? ఈ చిక్కు చాలామందికి పార్సిల్ విప్పాకే తెలుస్తుంది. హైడ్రాలిక్ బ్రేకు (కేబులు బదులు ఆయిలుతో పనిచేసేది) పెట్టాలంటే ఆ ముక్క మొత్తం తీసేయాలి, అంటే షిఫ్టర్లు కూడా విడిగా కొనాలి.

ఇప్పటికే కేబుల్ డిస్కు ఉంటే, నొక్కుకుపోని రకం గట్టి తొడుగు, మంచి ప్యాడ్లు వేసి ముందు చూడండి. చాలామందికి అక్కడితోనే సరిపోతుంది.

7. ఎలాగూ పనికొచ్చే కొనుగోళ్లు

నిర్ణయం ఇంకా కుదరకపోయినా కొన్ని కొనేయొచ్చు. పెడళ్లు, సీటు, గ్రిప్పులు, లైట్లు, పంపు, రేపు కొత్త సైకిల్ కొన్నా దానికి మారతాయి. టైర్లు మాత్రం అదే సైజు చక్రమైతేనే మారతాయి.

టైర్ల గురించి ఇంకొంచెం. పల్లేరుకాయలు, కంపముళ్లు ఉన్న మన నేల మీద సైకిల్‌ని మార్చినట్టే అనిపించే పార్టు టైరే. తారురోడ్డు ఎక్కువైతే నడుమ గట్లు తక్కువగా, పక్కల గట్లు ఎక్కువగా ఉన్న టైరు తీసుకోండి. లోపల ముళ్లు దిగకుండా లైనర్ పట్టీ వేయించండి. బండి టైరుకుండే లాంటి వాల్వు ఉన్న ట్యూబు అయితే వాల్వు పిన్ను తీసి సీలెంటు (చిన్న రంధ్రాలు మూసే ద్రవం) పోయొచ్చు.

పంక్చర్ వేశాక ట్యూబు పెట్టేముందు టైరు లోపల దూది ఉండతో చుట్టూ తుడవండి. ముల్లు మొన ఎక్కడుందో దూది పట్టిస్తుంది. ఇది చేయకపోవడం వల్లే అదే చోట మళ్లీ మళ్లీ పంక్చరవుతుంది. గాలి కూడా రాయిలా నింపొద్దు. 70 కిలోల మనిషికి 2.1 అంగుళాల టైరులో 35 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి అటూ ఇటూ సర్దుకోండి. పెట్రోలు బంకులో నింపితే రీడింగ్ చూస్తూ ఆపి ఆపి నింపండి. ఎండలో సైకిల్ నిలబెట్టొద్దు, టైరు పక్కలు చిట్లేది అందుకే.

8. డబ్బు లెక్క

వచ్చే ఏడాదిలో మార్చాలనుకుంటున్న పార్టులన్నీ రాయండి, ఈ నెల కొనబోయేది ఒక్కటే కాదు. ఒక్కోటి విడిగా చూస్తే చిన్నగానే ఉంటుంది, మొత్తం కలిపితేనే అసలు సంగతి బయటపడుతుంది.

ఇలా వేయండి: పార్టుల ధర, బిగింపు కూలి, దాంతో పాటు తప్పక మార్చాల్సిన చిన్న పార్టులు, చివరిగా పాత సైకిల్‌ని ఇవాళ అమ్మితే వచ్చే డబ్బు. ఈ చివరిది ఎవరూ కలపరు. సైకిల్ ఉంచుకుంటున్నారంటే ఆ డబ్బు వదులుకుంటున్నట్టే కదా.

ఉదాహరణకి ఒకరు హైడ్రాలిక్ బ్రేకులకు 5 వేలు, వెనక చక్రం, క్యాసెట్, గేర్లకు 9 వేలు, ఫోర్కుకి 12 వేలు, కూలికి 2 వేలు అనుకున్నారనుకుందాం. 28 వేలు. పాతది అమ్మితే 6 వేలు వస్తుందనుకుంటే 34 వేలు. ఆ 34 వేలకు బజారులో ఏ సైకిల్ వస్తుందో చూడాలి, అప్పుడు పోలిక సరిగా ఉంటుంది. అదే మనిషి బ్రేకులు ఒక్కటే చాలనుకుంటే 5 వేలు, కూలితోనే అయిపోతుంది, కొత్తది కొనడంలో అర్థం లేదు.

నేను పాటించే హద్దు ఇది: ఏడాది పార్టుల ఖర్చు, మీకు నచ్చిన కొత్త సైకిల్ ధరలో మూడో వంతు లోపే ఉంటే అప్‌గ్రేడ్. దాటితే సైకిలే మార్చేయండి. ఫోర్కు, చక్రాలు, గేర్లు, ఈ మూడింటిలో రెండు కావాల్సివస్తే లెక్క కూడా వేయక్కర్లేదు, మార్చడమే.

పాత బిల్లుతో పోల్చేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద, వాటి విడిభాగాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది.

9. ఉంచుకుంటే, ఏ వరుసలో మార్చాలి

1. టైర్లు, లైనర్లు
2. బ్రేకు ప్యాడ్లు, కేబుళ్లు, అప్పటికీ చాలకపోతేనే కొత్త బ్రేకులు
3. సీటు, గ్రిప్పులు, పెడళ్లు
4. చైన్, వెనక పళ్లచక్రాలు, పాతవి అరిగినప్పుడు మాత్రమే
5. వెనక చక్రం, ఇరుసు వంగినప్పుడు

ఒక్కోటి మార్చాక కొన్నాళ్లు తొక్కి తర్వాతదానికి వెళ్లండి. తీసేసిన పాత పార్టులు డబ్బాలో దాచండి. సైకిల్ అమ్మేటప్పుడు కొత్త పార్టులకు ఎవరూ విలువ కట్టరు, పాతవి తిరిగి బిగించి అమ్మి, మంచివి మీరే ఉంచుకోవచ్చు.

10. ఎక్కువగా జరిగే పొరపాట్లు, వాటికి మందు

టూల్స్ లేని షాపులో పని ఇవ్వడం. ఫ్రీవీల్ తీసే టూలు, పెడళ్ల ఇరుసు టూలు, హైడ్రాలిక్ బ్లీడ్ కిట్ (బ్రేకు ఆయిలులో గాలి తీసేది) ఉన్నాయా అని పార్టు కొనకముందే అడగండి. లేకపోతే సుత్తీ ఉలీ పెట్టి కొడతారు, మరలు పోతాయి. ఆ టూలు మీరే కొనుక్కెళ్లినా మెకానిక్ సంతోషంగా వాడతాడు.

షిమానో హైడ్రాలిక్ బ్రేకులో మోటార్‌సైకిల్ బ్రేకు ఆయిలు పోయడం. షిమానోకి మినరల్ ఆయిలే పోయాలి. బండ్ల డాట్ ఆయిలు పోస్తే లోపలి సీళ్లు ఉబ్బిపోయి బ్రేకు మొత్తం పాడవుతుంది.

డిస్కు మీద నూనె స్ప్రే పడటం. డిస్కును స్పిరిట్‌తో తుడవచ్చు, ప్యాడ్లు మాత్రం నూనె పీల్చాయంటే మార్చడమే.

ఎడమ పెడలు తప్పుగా తిప్పడం. దాని మర ఉల్టా, గడియారం తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది. బలవంతంగా రెండోవైపు తిప్పితే క్రాంకు (పెడలు బిగించే కడ్డీ) మర పోతుంది.

క్రాంకు వదులై టక్కుమంటున్నా తొక్కడం. వెంటనే ఆగి బోల్టు బిగించండి. వదులుగా తొక్కితే చదరపు రంధ్రం గుండ్రమైపోతుంది, ఆ తర్వాత ఎంత బిగించినా నిలవదు.

11. మార్చాలని తేలితే

కొత్తదానిలో ఇవి ఉన్నాయో లేదో చూసి, లేనిదాన్ని ఎంత రంగు బాగున్నా వదిలేయండి:

- ఫ్రీవీల్ కాదు, క్యాసెట్
- హైడ్రాలిక్ డిస్కు బ్రేకులు
- టేపర్డ్ హెడ్‌ట్యూబ్ (కింద లావుగా ఉన్న హ్యాండిల్ గొట్టం)
- విప్పి మార్చగలిగే హ్యాంగర్, వీలైతే ఒకటి అదనంగా కొనిపెట్టుకోవాలి
- విడిగా ఉన్న షిఫ్టరూ బ్రేకు లీవరూ
- మీ సైజు. షాపులో లేకపోతే తెప్పించమనండి, ఆగండి

ముందు గేర్లు మూడు ఉంటే గొప్ప అనుకోవద్దు. ముందు ఒకటి, వెనక చిన్న చక్రం నుంచి బాగా పెద్దదాని దాకా తొమ్మిదో పదో ఉన్న సెట్టులో కేబులు ఒకటి తగ్గుతుంది, చైన్ పడిపోయే బాధ తగ్గుతుంది, దుమ్ములో మంచిగా నిలుస్తుంది.

సెకండ్ హ్యాండ్ కూడా మంచి దారే. అనంతపురం వాళ్లకు బెంగళూరు, కర్నూలు వాళ్లకు హైదరాబాదు రెండు వందల కిలోమీటర్ల చిల్లరే, అక్కడ తక్కువ వాడినవి బాగా దొరుకుతాయి. ఫొటోలు చూసి డబ్బు పంపొద్దు. వెళ్లి, 3, 4, 5 అంకెల్లో చెప్పినవన్నీ అక్కడే చూడండి. పెడళ్ల ఇరుసు గొట్టం కింద ఫ్రేమ్ నంబరు ఉంటుంది, అది బిల్లులో నంబరుతో కలవాలి. బిల్లు లేదు, నంబరు గీకేసి ఉంది అంటే ఎంత చౌకైనా వచ్చేయండి.

పాతదాన్ని వెంటనే అమ్మకండి. కొత్తది నెల రోజులు తొక్కి అది కుదిరిందని తేలాక అమ్మండి, లేదా సన్న టైర్లు, క్యారియర్ వేసి కూరగాయల మార్కెట్‌కి ఉంచుకోండి. కొత్త సైకిల్‌లో కేబుళ్లు సాగుతాయి, స్పోకులు సర్దుకుంటాయి కాబట్టి మొదటి నెల చివర ఒకసారి షాపుకి తీసుకెళ్లి గేర్లు సరిచేయించి, క్రాంకు బోల్టులూ స్టెమ్ బోల్టులూ మళ్లీ బిగించుకోండి.